తానీషాకు కనిపించిందెవరు?

ఈశ్వరుడు ఉన్నాడనడానికి ప్రమాణమేమిటి అన్న ప్రశ్న నాకు మొదట ఎదురైంది ఒక పాఠ్యపుస్తకంలో. ఆ పుస్తకం పేరు తర్కసంగ్రహం. రాసినవారు అన్నంభట్టు, 17వ శతాబ్దపు పండితుడు. మన తెలుగువాడేనని పండితుల్లో పేరు. కాశీ వెళ్లొచ్చినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని ఒక నానుడి కూడా ఆయన మీద పుట్టింది. సంస్కృతం చదువుకునే పిల్లలు తర్కంలో ఓనమాలు దిద్దేది ఆ చిన్న పుస్తకంతోనే. దానికి దీపిక అని ఆయనే వ్యాఖ్యానం రాసుకున్నారు. ఆత్మ రెండు రకాలు, జీవాత్మ, పరమాత్మ అని మూలంలో చకచకా చెప్పి ముందుకు వెళ్లిపోయిన ఆయన, దీపికలో మాత్రం ఆ మాట దగ్గర ఆగారు. ఈశ్వరుడికి ప్రమాణం చూపించమని ఎదుటిపక్షం చేత అడిగించారు.

ఆ ఎదుటిపక్షానికి పసలేని మాటలు ఇవ్వలేదు. ఈశ్వరుడికి రూపం లేదు కాబట్టి కంటికి కనిపించడు. పోనీ మనసుకు తెలుస్తాడనుకుందామా, మనసుకు నేరుగా తెలిసేది ఎవరి ఆత్మ వాళ్లకి, ఎవరి సుఖదుఃఖాలు వాళ్లకి. ఊహించి తేల్చుకోవాలంటే పట్టుకోవడానికి ఒక గుర్తు ఉండాలి, అదీ కనపడదు. ఇన్ని దారులూ మూసేశాకే ఆయన తన జవాబు మొదలుపెడతారు.

గోదావరి జిల్లాలో ఒక ఓరియంటల్ కళాశాలలో నేను చాలా ఏళ్లు ఈ పాఠం చెప్పాను. తరగతిలో కొందరు పౌరోహిత్యం చేసుకునే ఇళ్ల పిల్లలు, ఎక్కువమంది తెలుగు పండిట్ ఉద్యోగం వస్తుందని చేరినవాళ్లు. ఈ పేజీ వచ్చేసరికి రెండు జట్లూ నిటారుగా కూర్చునేవి. "మేడమ్, దేవుడి గురించి ఇలా అడగొచ్చా?" అని ఒక పిల్ల భయంభయంగా అడిగింది. అడగకపోతే ఈ శాస్త్రమే లేదమ్మా అన్నాను.

నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. చదివేవాళ్లకు ఈ సంగతి ముందే తెలియడం న్యాయం. దేవుడు ఉన్నాడని నమ్ముతాను. ఉన్నాడని నాకు తెలుసు అని మాత్రం అనను. నమ్మడానికీ తెలియడానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు నేర్పినవాళ్లలో ఎక్కువమంది ఈ దేశపు ఆస్తిక పండితులే. వాళ్ల మాటలు పండితుల మధ్యే ఉండిపోయాయి. టీవీ చర్చల్లో ఒకవైపు భక్తులూ ఒకవైపు హేతువాదులూ కేకలు వేసుకోవడం చూస్తుంటే, ఈ పోట్లాట వెయ్యేళ్ల కిందటే ఎంత శ్రద్ధగా, ఎంత మర్యాదగా జరిగిందో చెప్పాలనిపిస్తుంది.

ఒక సంగతి తెలుసు అనాలంటే అది ఏ దారిన తెలిసిందో చెప్పాలి. ఆ దారినే ప్రమాణం అన్నారు. దారులు ఎన్ని అన్న దగ్గరే తగాదా మొదలు. చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే అన్నారు. బౌద్ధులు దానికి అనుమానాన్ని కలిపారు. తర్కంలో అనుమానమంటే గుర్తును బట్టి తేల్చుకోవడం. సాంఖ్యులు నమ్మదగినవారి మాటను, అంటే శబ్దాన్ని చేర్చి మూడన్నారు. నైయాయికులు, అంటే అన్నంభట్టు పక్షమైన న్యాయశాస్త్రం వాళ్లు, నాలుగన్నారు; మీమాంసకుల్లో ప్రాభాకరులు ఐదు, కుమారిలభట్టు వర్గం, అద్వైతులు ఆరు. ఈ లెక్క పరీక్షకు వల్లె వేయడం తేలికే. కానీ అది దేవుడి దగ్గర ఏం చేస్తుందో గమనించాలి. దేవుడు ఉన్నాడన్నా లేడన్నా ఏదో ఒక దారి పేరు చెప్పి తీరాలి. ఇక్కడ భక్తుడికి మినహాయింపు లేదు, నాస్తికుడికీ లేదు.

అన్నంభట్టు ఎంచుకున్న దారి అనుమానం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందంటాం. వంటింట్లో పొగ వచ్చిన ప్రతిసారీ నిప్పుండటం చూశాం గనుక ఆ ధైర్యం. ఈశ్వరుడి విషయంలో ఆయన పట్టుకున్న గుర్తు పుట్టుక. కుండ ఒకప్పుడు లేదు, తరవాత వచ్చింది. దాన్ని చేసిన కుమ్మరి ఉన్నాడు. మొలక కూడా ఒకప్పుడు లేదు, తరవాత వచ్చింది. దానికీ ఒక కర్త ఉండాలి. కర్త అంటే ఎవరో కూడా చెప్పారు: ముడిసరుకును నేరుగా ఎరిగినవాడు, చెయ్యాలన్న కోరిక కలవాడు, ప్రయత్నించేవాడు. కుమ్మరికి మట్టి తెలుసు. లోకానికి ముడిసరుకు పరమాణువులు. వాటిని నేరుగా ఎరిగినవాడు మనలాంటివాడు కాలేడు.

ఈ వాదం బోర్డు మీద రాసినప్పుడల్లా నాకు ముచ్చటేసేది. ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. కుమ్మరి ఇంటి పిల్లవాడు. "సారె మీద మట్టి వేసి ఊరుకుంటే అది ముద్దగానే ఉంటుంది మేడమ్. నాన్న చెయ్యి తగలాలి. విత్తనం అలా కాదుగదా, తడి తగిలితే చాలు" అన్నాడు. తరగతి నవ్వబోయి ఆగింది. ఆ పిల్లవాడు తనకు తెలియకుండానే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి పక్కన నిలబడ్డాడు. 7వ శతాబ్దంలో ధర్మకీర్తి పుట్టను చూపించాడు. పుట్టదీ మట్టే, కుండదీ మట్టే. మట్టితో తయారైంది గనుక కుమ్మరే చేశాడనే పక్షంలో, చీమలు, చెదపురుగులు లేపిన పుట్టను కూడా కుమ్మరి ఖాతాలో వెయ్యాలి. చేతితో చేసిన వస్తువుల్ని చూసి నేర్చుకున్న నియమాన్ని, చెయ్యి తగలడం ఎవరూ చూడని వస్తువుల మీదికి తోసేయకూడదని ఆయన చెప్పదలచింది.

తార్కికుల భాషలో ఇది ఉపాధి దోషం. పొగ ఉంటే నిప్పు ఉంటుంది సరే, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందనుకుంటే కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపముద్ద అడ్డొస్తుంది. పొగకు తడి కట్టెలు కావాలి, ఆ షరతు మన కన్నుగప్పింది. అలాగే చేసినవాడు ఉండాలన్న నియమానికి, శరీరం ఉన్నవాడు చేసిన వస్తువై ఉండాలి అన్న షరతు చాటున దాగి ఉంది అంటారు ఎదుటివాళ్లు.

నైయాయికులు ఊరుకోలేదు. వాళ్లలో పెద్ద దిట్ట ఉదయనుడు, మిథిలవాడు. ఆయన లక్షణావళి శక సంవత్సరం 906లో, అంటే క్రీ.శ. 984లో పూర్తయింది. ఈశ్వరుడి ఉనికి మీదే న్యాయకుసుమాంజలి అని ఐదు స్తబకాల, అంటే ఐదు అధ్యాయాల గ్రంథం రాశాడు. పూరీ గుడి తలుపులు మూసి ఉంటే ఆయన జగన్నాథుడితోనే తగువేసుకున్నాడని ఒక కథ ఉంది. బౌద్ధులు వచ్చినప్పుడు నీ ఉనికి నా చేతుల్లోనే ఉంటుంది, గుర్తుంచుకో అన్నాడట. కథ నిజమో కాదో గాని, వాదం మీద అంత నమ్మకం ఉన్న మనిషి అన్నది నిజం. మొలకకు కర్త ఉన్నాడా లేడా అన్నదే ఇప్పుడు తగాదా. తగాదాలో ఉన్న ఆ మొలకనే మాకు వ్యతిరేకంగా సాక్ష్యం ఎలా తెస్తారు అని నైయాయికులు ఎదురడిగారు. మంచి జవాబే. కానీ ఆ జవాబు మొలకను తగాదాలోనే ఉంచుతుంది, గెలిపించదు. మొలకను సాక్షిగా పిలిచే హక్కు అప్పుడు రెండు పక్షాలకూ పోతుందని నాకు అనిపిస్తుంది.

ఇక్కడివరకూ చదివినవారు ఇది ఆస్తికులకూ బౌద్ధులకూ మధ్య పోరనుకోవచ్చు. నన్ను నిజంగా కదిలించింది దీని తరవాతి మలుపు. ఈ అనుమానాన్ని గట్టిగా కొట్టిపారేసినవారిలో రామానుజాచార్యులు ఉన్నారు. వైష్ణవ భక్తికి మూలస్తంభమైన మనిషి. శ్రీభాష్యంలో, బ్రహ్మను శాస్త్రం వల్లనే తెలుసుకోవాలి అనే సూత్రం దగ్గర ఆయన నైయాయికుల వాదాన్ని ఒక్కొక్క పోగూ విప్పుతారు. కొండలూ సముద్రాలూ పుట్టినవే అనుకుందాం, అన్నీ ఒకేసారి ఒక్కడే చేశాడని ఎక్కడ కనిపించింది? పెద్ద మేడను చాలామంది కలిసి కట్టరా? మనం చూసిన కర్తలందరికీ శరీరం ఉంది, అజ్ఞానం ఉంది; ఆ పోలిక పట్టుకుంటే దేవుడికీ అవే అంటుకుంటాయి. తాను ప్రాణంగా ప్రేమించే నారాయణుడి కోసం కూడా ఆయన చెల్లని వాదాన్ని చెల్లుతుందనలేదు.

దాదాపు ఇదే నిజాయితీ మరో మతంలో, మన కాలానికి దగ్గర్లో కనిపిస్తుంది. విశ్వం ఒక చిన్న ఆరంభం నుంచి విస్తరిస్తూ వచ్చిందన్న ఆలోచనకు పునాది వేసిన జార్జ్ లెమైత్ర్ బెల్జియం దేశపు కేథలిక్ ఫాదర్. విశ్వం విస్తరిస్తోందని 1927లో, దానికొక ఆరంభ బిందువు ఉండి ఉంటుందని 1931లో రాశారు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ విజ్ఞానంలో సృష్టికర్త సాక్ష్యం కనిపిస్తోందన్న ధోరణిలో ప్రసంగించారు. లెమైత్ర్‌కు ఆ ముడి నచ్చలేదు. తన సిద్ధాంతం మతసంబంధమైన ప్రశ్నలకు పూర్తిగా వెలుపల ఉంటుందనే ఆయన వాదించారు. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లని ఇప్పుడు లెక్క తేలింది. ఆ లెక్కను ఆస్తికుడూ నాస్తికుడూ తన జేబులో వేసుకోవాలని చూస్తూనే ఉన్నారు. అది ఎవరి జేబులోనూ పట్టదు.

ఇక మీమాంసకులు. వేదం ఒక్క అక్షరం జారనివ్వరు, యజ్ఞం విడిచిపెట్టరు, సృష్టికర్తను మాత్రం ఒప్పుకోరు. ఈ సంగతి విని మా పౌరోహిత్యం ఇళ్ల పిల్లలు నోళ్లు తెరిచేవారు. శబరస్వామి తన భాష్యంలో, దేవతలకు శరీరం ఉందా, మనం పెట్టింది తింటారా అని తర్కించాడు. పెట్టిన హవిస్సు తగ్గడం లేదు కాబట్టి తినడం లేదంటాడు. తుమ్మెద తేనె తీసుకున్నట్టు సారం మాత్రం తీసుకుంటారు, అందుకే నివేదించిన అన్నం రుచి తగ్గుతుంది అని ఎదుటివాడు అడ్డం వేస్తాడు. గాలి తగిలి చల్లారితే ఏ అన్నమైనా చప్పబడుతుందని శబరస్వామి జవాబు.

సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఇది మా అమ్మకు చెప్పాను. ఆవిడ చక్రపొంగలి గిన్నె మీద తులసాకు వేస్తోంది. "మనం తినేముందు ఆయనకు చూపించడం మర్యాదే. తినడం తినకపోవడం ఆయనిష్టం" అంది. అమ్మ మాటకు ప్రమాణం అక్కర్లేదు, అది ఒక ఆచారానికి కారణం చెబుతోంది, లోకంలో ఒక సంగతి జరిగిందని చెప్పడం లేదు. గుళ్లో కనిపించే భక్తిలో చాలా భాగం ఈ కోవలోదే అని నా అభిప్రాయం. దాన్ని రుజువు చూపమని నిలదీయడం అనవసరం. అయితే ఈ దేవుడికి మొక్కితే రోగం తగ్గుతుంది అనగానే సంగతి మారిపోతుంది. అప్పుడు లోకంలో ఏదో జరుగుతుందని చెబుతున్నాం కనుక చూపించాల్సిన బాధ్యత మీద పడుతుంది.

శబరస్వామి భాష్యం మీద శ్లోకవార్తికం రాసిన కుమారిలభట్టు ఇంకా దూరం వెళ్లాడు. సృష్టికి ముందు శరీరమే లేనివాడికి సృష్టించాలన్న కోరిక ఎలా కలిగింది? దయతో చేశాడంటే, దయ చూపడానికి అప్పటికి ప్రాణులేవీ? దయే అయితే సుఖం మాత్రమే సృష్టించాడు కాదేం? ఆయన సృష్టిస్తుంటే చూసి చెప్పినవాడెవడు? నేనే సృష్టించానని ఆయనే వచ్చి చెప్పినా నమ్మడానికి లేదు, తన గొప్పతనం చాటుకోవడానికి చెయ్యకపోయినా చేశాననవచ్చు. ఈ చివరి ప్రశ్న మొదటిసారి చదివిన రోజు నాకు పుస్తకం మూసి కాసేపు వరండాలో తిరగాల్సి వచ్చింది. వేదం కోసం జీవితం ధారపోసిన మనిషి దేవుడి సాక్ష్యాన్ని కూడా సాక్ష్యం లాగే పరీక్షించాడు.

ఇంతవరకూ ఉన్నాడనే పక్షాన్నే తూచాం. లేడనే పక్షం కూడా తక్కెడలో నిలబడాలి.

మా అన్నయ్య నాస్తికుడు. బ్యాంకు ఉద్యోగంలో విజయవాడలో ఉన్నప్పుడు పటమటలోని నాస్తిక కేంద్రం సభలకు వెళ్లేవాడు. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు, సరస్వతి దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలుపెట్టి, 1947లో విజయవాడకు మార్చిన సంస్థ అది. నాస్తిక భావాల వల్ల లెక్చరర్ ఉద్యోగం పోగొట్టుకున్న గోరా, గాంధీ దగ్గరికే వెళ్లి నాస్తికత్వం మీద చర్చించారు. తన ఆస్తికత్వం ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్నారు గాంధీ. ఇద్దరం సత్యాన్ని వెతుకుతున్నవాళ్లమేనన్నారు. ఆ సంభాషణలను గోరా 1951లో పుస్తకంగా తెచ్చారు. గోరాకు దేవుడి ఉనికి మీద పండిత చర్చ కన్నా, దేవుడి మీద భారం వేసి మనిషి చేతులు ముడుచుకోవడం, కులాన్ని దైవలిఖితమనుకోవడం ముఖ్యం. తన పెద్ద కుమార్తెకు అంటరానివారిగా చూసిన కులంలోని యువకుడితో పెళ్లి తలపెట్టారు. అది గాంధీ హత్య తరవాత 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో జరిగింది. ఈ విషయంలో అన్నయ్యతో నాకు ఎప్పుడూ పేచీ లేదు.

నిప్పుల గుండంలో అమ్మవారి మహిమ వల్ల కాళ్లు కాలవంటారు కదా, నాస్తిక కేంద్రం వాళ్లు ఏ మంత్రమూ లేకుండా జనం ముందు నడిచి చూపేవారు. అన్నయ్య కూడా ఒకసారి నడిచాడు. నిప్పుల మీద బూడిద పొర ఉంటుంది, బొగ్గు వేడిని త్వరగా అరికాలికి అందించదు, అడుగు ఆనే సమయం తక్కువ. వచ్చి పాదాలు చూపిస్తూ, "చూశావే, మహిమ లేదు. అంటే దేవుడూ లేడు" అన్నాడు. మొదటి మాట ఒప్పుకున్నాను. రెండో మాట దగ్గర కుమారిలుడి ఆరో ప్రమాణం తీశాను.

దాని పేరు అనుపలబ్ధి. ఈ బల్ల మీద కుండ లేదని ఎలా తెలిసింది? కనపడలేదు కాబట్టి. అయితే కనపడకపోవడం ఎప్పుడూ లేకపోవడానికి సాక్ష్యం కాదు. వెలుతురుండాలి, కన్ను బాగుండాలి, అన్నిటికన్నా ముందు ఆ వస్తువు ఉంటే కనపడి తీరేదై ఉండాలి. చీకటి గదిలో కుండ కనపడలేదంటే లేదని కాదు. పిశాచం కనపడలేదంటే లేదని తేలదు, కనపడకపోవడం దాని లక్షణమని చెప్పేవాళ్లున్నారు కనుక. ఈ షరతునే ఉదయనుడు మూడో స్తబకంలో నాస్తికులకు ఎదురు పెట్టాడు. ఈశ్వరుడు కంటికి అందే వస్తువు కాడని మీరూ మేమూ ఒప్పుకున్నాక, అందలేదు కనుక లేడనడం ఎలా కుదురుతుంది?

ఈ షరతు భక్తుడికి కవచంలా కనిపిస్తుంది గాని, రెండువైపులా పదునున్నది. దేవుడు ఫలానాది చేస్తాడు, అది కంటికి కనిపిస్తుంది అని ఎవరన్నా అంటే ఆ క్షణం నుంచి అది వెలుతురున్న గదిలో కుండే. కనపడకపోతే లేనట్టే. అమెరికాలో ఒక పెద్ద పరీక్ష జరిగింది. హెర్బర్ట్ బెన్సన్ నాయకత్వంలో 6 ఆస్పత్రుల్లో గుండె బైపాస్ చేయించుకున్న 1802 మందిని మూడు జట్లు చేసి, రెండు జట్ల కోసం ముక్కూమొహం తెలియని క్రైస్తవ బృందాల చేత ప్రార్థన చేయించారు. ఫలితాలు 2006 ఏప్రిల్‌లో అమెరికన్ హార్ట్ జర్నల్‌లో వచ్చాయి. ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన అందినవారికి 52 శాతం, అందనివారికి 51 శాతం మందికి ఆపరేషన్ తరవాత ఇబ్బందులు వచ్చాయి. తమ కోసం ప్రార్థిస్తున్నారని తెలిసిన జట్టులో అది 59 శాతం.

అన్నయ్యకు బైపాస్ అయినప్పుడు నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకున్నాను. కోలుకున్నాక ఆయన ఈ అంకెలు నా ముందు పెట్టాడు. నేను వాటిని కాదనలేదు. అపరిచితుల ప్రార్థన ఆపరేషన్ ఇబ్బందుల్ని తగ్గిస్తుందన్న మాటకు ఆ పరీక్షలో ఆధారం దొరకలేదు, అంతే నిజం. ప్రయోగానికి లొంగే దేవుడు ఉన్నాడా అన్నదానికే అది జవాబు. ఎవరి ప్రయోగానికీ లొంగనివాడు ఉన్నాడా అన్నది అది ముట్టుకోలేదు. అయితే నాతోటి భక్తులకూ ఒక మాట గట్టిగా చెప్పాలి. రోగం తగ్గినప్పుడు ఇదిగో సాక్ష్యమనీ, తగ్గనప్పుడు దేవుణ్ణి పరీక్షించకూడదనీ అనే హక్కు మనకు లేదు. సాక్ష్యమైతే రెండుసార్లూ సాక్ష్యమే.

మరి దేవుడే ఎదుటపడితే? ఈ ప్రశ్న పిల్లలు ఏటా అడిగేవారు. నేను భద్రాచలం కథ చెప్పేదాన్ని.

కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారు. సర్కారు సొమ్ముతో రాములవారి గుడి కట్టించి గోల్కొండ చెరలో పడ్డాడు. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు తానీషాను నిద్రలేపి 6 లక్షల నాణేలు చెల్లించి రసీదు పట్టుకెళ్లారని కథ. తానీషా అంటే 1672లో గద్దెనెక్కి 1687లో ఔరంగజేబు చేతికి చిక్కిన అబుల్ హసన్ కుతుబ్ షా. హరికథల్లో, సినిమాల్లో మనం ఏడ్చేది ఆ తరవాత ఘట్టానికి: ఇన్నేళ్లు పిలిచిన నాకు కనిపించకుండా తానీషాకు కనిపించావా రామా అని గోపన్న విలపిస్తాడు.

కథనే ప్రమాణంగా తీసుకుని కాసేపు ఆలోచిద్దాం. తానీషా కంటితో చూసిందేమిటి? ఇద్దరు యువకులు, కుప్పగా నాణేలు. వాళ్లు రామలక్ష్మణులని ఆయనకు ఆ క్షణంలో తెలియదు. తరవాత తేల్చుకున్నాడు, అంటే అనుమానం చేశాడు. ఇంత సొమ్ము ఇంకెవరిస్తారు అన్నది ఆయన గుర్తు. గోపన్నకు వాళ్లు రామలక్ష్మణులని క్షణంలో తెలిసింది, కానీ ఆయన చూడలేదు. చూసినవాడికి తెలియలేదు, తెలిసినవాడు చూడలేదు. ఈ కథ అల్లినవాళ్లు తర్కం చదివారో లేదో గాని మన ప్రశ్నకు గుండెకాయ పట్టుకున్నారు.

ఇక్కడే కుమారిలభట్టు మళ్లీ వస్తాడు. బుద్ధుడు సర్వజ్ఞుడని బౌద్ధులంటుంటే ఆయన అడిగాడు: ఆయన ఎదుట కూర్చున్నవాళ్లకైనా ఆ సంగతి ఎలా తెలిసింది? ఒకరికి అన్నీ తెలుసని పోల్చుకోవాలంటే, ఆ అన్నీ ఏమిటో పోల్చుకునేవాడికి కూడా తెలియాలి. బుద్ధుడు సర్వజ్ఞుడైతే సాంఖ్యుల గురువు కపిలుడు ఎందుకు కాడు, ఇద్దరూ అయితే మాటల్లో తేడా ఎందుకు అని కూడా నిలదీశాడు. దీన్ని భద్రాచలానికి తీసుకెళ్తే, ఆ రాత్రి తానీషాకు తెలియగలిగింది 6 లక్షలు చెల్లించగల ఇద్దరున్నారని. అనంతుడు వచ్చాడని ఏ కన్నుతో తెలుస్తుంది? ఆకాశం చీల్చుకుని వచ్చి సముద్రాలను ఎత్తిపట్టినా, సముద్రాలను ఎత్తగలవాడని తెలుస్తుంది. హద్దులేనివాడన్నది అప్పుడూ మిగిలిపోతుంది. ఎంత పెద్ద టెలిస్కోప్ కట్టినా ఇంతే. అది మనం చూడగల దూరాన్ని పెంచుతుంది, హద్దు లేకపోవడాన్ని చూపించలేదు. మనిషికి ఎప్పటికైనా తెలుస్తుందా అని అడిగితే నాకు దొరికిన అన్నిటికన్నా బలమైన జవాబు ఈ ఏడో శతాబ్దపు ప్రశ్నే. లోపం మన సాధనాల్లో లేదు. హద్దున్న బుద్ధి హద్దులేనిదాన్ని గుర్తుపట్టడంలోనే చిక్కుంది.

లోపలి అనుభవం సంగతి ఇంకా మిగిలింది. ధ్యానంలోనో గర్భగుడి ముందో ఒకరికి సందేహం లేకుండా తెలిసింది అనుకుందాం. నైయాయికుల పద్ధతిలో ఏ జ్ఞానమూ దానంతటదే చెల్లదు. దూరాన నీళ్లు కనిపించాయి, వెళ్లి తాగితే దాహం తీరింది, అప్పుడే ఆ చూపు నిజం. ఎండమావి అయితే దాహం తీరదు. మీమాంసకుల పద్ధతి వేరు. కలిగిన జ్ఞానం మరొకటి వచ్చి కొట్టేసేవరకూ చెల్లుతుంది. ఎంత విచిత్రమో చూడండి: ఈశ్వరుణ్ణి రుజువు చేసిన నైయాయికుడి నియమం భక్తుడి అనుభవాన్ని సందేహిస్తుంది, సృష్టికర్తను కాదన్న మీమాంసకుడి నియమం దానికి నీడ ఇస్తుంది. నేను మీమాంసకుల వైపు మొగ్గుతాను. అనుభవం కలిగినవాళ్లను అబద్ధాలకోరులనే హక్కు నాకు లేదు. ఆ అనుభవం పేరుతో పక్కవాళ్ల నుంచి విధేయత గానీ విరాళం గానీ వసూలు చేసే హక్కు వాళ్లకూ లేదు. ఒకరి ప్రత్యక్షం ఇంకొకరికి చేరేసరికి అది ఒట్టి మాట, మిగతా మాటల్లాగే పరీక్షకు నిలబడాలి.

ఉదయనుడి దగ్గర ఇంకో సంగతి ఉంది. న్యాయకుసుమాంజలి మొదట్లోనే, లోకంలో అందరూ ఏదో ఒక పేరుతో కొలుస్తున్నవాడి గురించి సందేహమెందుకు, ఈ చర్చ నాకు ఉపాసనే అంటాడు. అంత పెద్ద వాదాలు రాసిన మనిషికి వాదం ఒక పూజా పద్ధతి. ఐదు స్తబకాలూ అయ్యాక చివర ఈశ్వరుడికి ఒక మనవి చేసుకుంటాడు. శాస్త్రంతో, యుక్తితో ఇంత కడిగినా నీకు చోటివ్వని గుండెలు రాతి గుండెలే. అయినా నిన్ను కాదనడానికైనా వాళ్లు ఎప్పుడూ నీ గురించే ఆలోచిస్తున్నారు గనుక, సమయం వచ్చినప్పుడు నువ్వే దయతో వాళ్లనూ గట్టెక్కించమని అడుగుతాడు. తనతో జీవితమంతా తలపడిన బౌద్ధుల కోసం, చార్వాకుల కోసం చేసిన ప్రార్థన అది.

దీన్ని మా అన్నయ్యకు చదివి అర్థం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "పెద్దమనిషే. అయినా ప్రమాణం ఇవ్వలేకపోయాడు కదే" అన్నాడు. ఇవ్వలేకపోయాడు అన్నయ్యా, అన్నాను. నువ్వూ ఇవ్వలేకపోయావు అని కూడా అన్నాను. దానికి ఆయన తలూపి, కుమారిలుడు సర్వజ్ఞుడి గురించి అడిగిన ఆ ప్రశ్న మరోసారి చెప్పమన్నాడు, రాసుకోవడానికి.